గుర్రం గొడవ చెయ్యకపోతే బాగున్నట్టేనా?

దుబాయ్‌లో గుర్రాల పని అనగానే మన దగ్గర చాలామందికి షేకులు, రేసులు, కోట్ల రూపాయలు గుర్తొస్తాయి. ఆ కోట్లు గుర్రాల్ని మోసే బండిలో వెనక భాగంలో నిలబడి ఉంటాయి, ముందు క్యాబిన్‌లో డ్రైవర్ పక్కన కూర్చుని కెమెరా తెరలో వాటిని చూస్తూ నేనుంటాను. మలక్‌పేట రేస్‌కోర్సులో సాయిసుగా, అంటే గుర్రాల్ని చూసుకునేవాడిగా పని నేర్చుకుని ఇక్కడికొచ్చాను, ఇప్పుడు నాది ఎక్కువగా రవాణా డ్యూటీ. చలికాలం మొదలైందంటే మెయ్‌దాన్, జెబెల్ అలీ, అబూధాబీ, అల్ ఐన్, షార్జా, ఎక్కడ రేసుంటే అక్కడికి. బండ్లకు వంక పెట్టలేం, నిజం చెప్పాలంటే మా క్యాంపు గదిలోకన్నా వాటిల్లోనే ఏసీ బాగా పనిచేస్తుంది.

గుర్రం దిగగానే ఒక కాగితం నింపాలి. జ్వరం ఉందా (37.5 నుంచి 38.5 డిగ్రీల దాకా మామూలే), గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది (విశ్రాంతిలో ఉంటే 28 నుంచి 44), దెబ్బలేమైనా తగిలాయా, నీళ్ళు తాగిందా. అన్నిటికంటే కింద ‘ప్రవర్తన’ అని వేలెడంత గడి. అందులో దాదాపు అందరూ ‘నార్మల్’ అని రాసేస్తారు. గోడని తన్నిన గుర్రం, సకిలించి గోల చేసిన గుర్రం అయితేనే ఇంకో మాట రాస్తారు.

నా గొడవంతా అక్కడే. మా దగ్గర ఒక ఆడ గుర్రం ఉంది, బండెక్కిందంటే కదలదు. డ్రైవర్లకి అదంటే ప్రాణం, ‘బండిలో ఉన్నట్టే ఉండదు భాయ్’ అంటారు. కెమెరాలో చూస్తే దాని చెవులు వెనక్కి బిగుసుకుని ఉంటాయి, దవడ గట్టిగా ఉంటుంది, మూతి ముందే వేలాడుతున్న గడ్డిని వాసన కూడా చూడదు, పక్క గుర్రం పిలిచినా అటు తిరగదు, అంత ఏసీలోనూ మెడ మీద చెమట. వేటాడే మృగాలకి ఆహారమయ్యే జాతి కదా, అడవిలో బాధ బయటపెట్టుకున్నది బతకదు, అందుకే దాచుకోవడం దాని రక్తంలోనే ఉంది. తన్నే గుర్రమైతే తనకేం నచ్చలేదో చెప్పేస్తుంది. ఇదేమో చెప్పడం మానేసింది, దానికి మనం మార్కులేస్తున్నాం!

ఇక్కడికి వచ్చే ఇటలీ డాక్టరమ్మ ఒకసారి ఫోన్‌లో బొమ్మలు చూపించింది. గుర్రం ముఖం చూసి నొప్పిని కొలిచే పద్ధతట, 2014లో వచ్చింది. చెవులు, కంటి చుట్టూ బిగువు, కంటి పైభాగం, నమిలే కండరాలు, మూతి, ముక్కుపుటాలు, మొత్తం ఆరు గుర్తులు. మాలో పాతకాపు, రాజస్థాన్ చాచా, ఆ బొమ్మలు చూసి ‘ఇది మాకు ఎప్పట్నుంచో తెలుసు’ అని నవ్వాడు. డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది, ఇది నొప్పి కోసం చేసింది, భయానికి ఇదే కొలత అనుకోవద్దు అని. కాబట్టి ముఖంతో పాటు గడ్డి తింటోందా, లద్దె పలచగా పదేపదే వేస్తోందా, తోడు గుర్రం వైపు చెవి తిప్పుతోందా, ఇవన్నీ కలిపి చూడాలి.

ఇంకో తిరకాసు ఏంటంటే మేం కొలిచేది దిగాక. భయం ఎక్కువగా ఉండేదేమో ఎక్కేటప్పుడు. ర్యాంప్ మీద గుండె దడదడలాడి, బండి కాసేపు నడిచాక మెల్లగా తగ్గుతుంది, కాబట్టి గంటన్నర తర్వాత దిగిన గుర్రం నాడి పట్టుకుని ‘అంతా ఓకే’ అనడం సులువే. ఎక్కించేటప్పుడు గుర్రాన్ని అదిలించడానికి వెనక ఒకడు చీపురు పట్టుకుని నిలబడ్డ సంగతి ఏ కాగితంలోనూ ఉండదు.

నడిపే తీరు మీద కూడా చాలా ఉంటుంది. ఆర్టీసీ బస్సులో కడ్డీ దొరక్కుండా నిలబడ్డవాళ్ళకి సడన్ బ్రేక్ ఎలా ఉంటుందో, నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడ్డ గుర్రానికీ అంతే. పక్కదాన్ని కరుస్తుందని తల పైకి పొట్టిగా కట్టేస్తారు, దగ్గరి దూరాలకి ఫరవాలేదు గానీ సౌదీ వైపు రోడ్డు మీద వెళ్ళేటప్పుడు ఘువైఫాత్ సరిహద్దు దగ్గర గంటలకొద్దీ ఆగాల్సొస్తే అది ప్రమాదం. తల కిందికి దించితేనే ముక్కులోని, గాలిగొట్టంలోని చీమిడి బయటికి కారుతుంది, లేకపోతే ఊపిరితిత్తులకి పట్టి రవాణా జ్వరం వస్తుంది. ఆగిన బండిలో గాలీ ఆడదు.

ఒంటరిగా పంపాల్సి వస్తే ఎదురుగా అద్దం పెట్టండి, ఇంగ్లాండ్‌లో 2009లోనే చేసి చూశారు, గుర్రాలు కాస్త కుదుటపడ్డాయి అని డాక్టరమ్మ చెప్తే మా మేనేజర్ నవ్వేశాడు. అద్దం ఖర్చెంతో అడగనైనా అడగలేదు.

నేనడిగింది ఇంకా చవక. ఎక్కించే ముందే ఒక కాగితం, రోజూ గుర్రానికి మేత పెట్టే సాయిసు చేతే నింపించాలి, ఎందుకంటే ఆ గుర్రానికి ఏది మామూలో అతనికే తెలుసు. ‘నువ్వేమన్నా డాక్టరువా’ అన్నాడు మేనేజర్. సరే, అప్పట్నుంచి ‘నార్మల్’ అన్న మాట మానేసి చూసింది చూసినట్టు రాస్తున్నాను. గడ్డి ముట్టలేదు, పిలిస్తే పలకలేదు, దిగాక పావుగంటకి నీళ్ళు తాగింది. గడి చాలక కాగితం వెనక కూడా రాస్తాను, మేనేజర్‌కి విసుగు. డాక్టరమ్మ మాత్రం తిప్పి చదువుతుంది, వచ్చే సీజనుకి ఆ గడి పెద్దది చెయ్యమని ఆఫీసులో చెప్పిందట, చూడాలి.