పొమార్ తోటలో గుత్తుల లెక్క

2024 సెప్టెంబరు మూడవ వారంలో, ఫ్రాన్సులోని దిజోన్ నగరంలో వైన్ వ్యాపారం గురించి చదువుకుంటున్న మా మేనల్లుడి దగ్గరికి వెళ్లాను. దిజోన్ నుంచి బోన్ పట్టణానికి రైల్లో అరగంట కూడా పట్టదు. కుడివైపు కిటికీలో, తూర్పుకు వాలిన కొండ మీద నడుమెత్తు ద్రాక్ష వరసలు సాగిపోతుంటే, మావాడు వ్యవసాయ శాఖ ఆ నెల విడుదల చేసిన దిగుబడి అంచనాను ఫోనులో చూపించాడు. దేశం మొత్తానికి 4 కోట్ల నుంచి 4.3 కోట్ల హెక్టోలీటర్ల వైన్ రావచ్చునని ఆగస్టులో చెప్పిన శాఖ, నెల తిరిగేసరికి దానిని 3.93 కోట్లకు దించింది. హెక్టోలీటరంటే 100 లీటర్లు. గుంటూరు జిల్లాలో మిరప పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక, పంట తగ్గుతుందని వినగానే ధర ఎంత పెరుగుతుందని అడిగాను. "అది ఇప్పుడే చెప్పలేం మామయ్యా, ముందు తోట చూద్దురుగాని రండి," అన్నాడు.

బోన్ నుంచి పొమార్ గ్రామానికి నడిచే వెళ్లాం. మావాడు సెలవు రోజుల్లో కూలికి వెళ్లే తోటలో అప్పుడే కోత మొదలైంది. రాతిగోడ దాటగానే ఆకుల మీది నీలి మరకలు చూసి ఆగిపోయాను. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టిన మందు మరకలవి. మా నాన్నగారు మిరప నారుమళ్లకు పోసిన బోర్డో మిశ్రమమే అది. ద్రాక్షకు పట్టే బూజు తెగులును ఆపడానికి 1885 ప్రాంతంలో ఈ దేశపు బోర్డో సీమలోనే దానిని కనిపెట్టారు. ఆ మందును నేను చేత్తో కలిపిన రోజులు గుర్తుకొచ్చి, భాష తెలియని ఆ తోట నాకు ఒక్కసారిగా మన చేనులా అనిపించింది. అయితే ఆ ఏడాది వసంతం నుంచీ వానలు వదలకపోవడంతో, కొట్టిన మందు కొట్టినట్టే కడుక్కుపోయి తెగులు గుత్తుల దాకా పాకిందని రైతు చెప్పగా, మావాడు తెలుగులో వివరించాడు.

రైతు ఒక మొక్క ముందు కూర్చుని, ఆకులు పక్కకు తీసి గుత్తులు లెక్కపెట్టాడు. మూడే ఉన్నాయి. అందులో ఒకదాని అడుగు సగం మిరియాల్లా ఎండి, వేలు తగిలితే రాలిపోతోంది. పక్క మొక్కకు నాలుగు. తరువాత జేబులోంచి కాగితం తీసి లెక్క వేసి చూపించాడు. ఇక్కడ హెక్టారుకు దాదాపు 10,000 మొక్కలుంటాయి. గుత్తి 100 గ్రాములు తూగుతుందనుకుంటే, మొక్కకు ఐదు గుత్తులైతే 5 టన్నులు. హెక్టోలీటరు వైన్‌కు సుమారు 130 కిలోల పండు పడుతుంది కాబట్టి 38 హెక్టోలీటర్లు వస్తాయి. పొమార్ పేరుతో అమ్ముకోవాలంటే సాధారణంగా హెక్టారుకు 40 హెక్టోలీటర్లకు మించి తీయకూడదు కనుక ఐదు గుత్తులుంటే సరిపోతుంది. మూడే ఉంటే 23 హెక్టోలీటర్లతో సరిపెట్టుకోవాలి.

ప్రభుత్వం వేసే అంచనా కూడా మూలంలో ఇలాంటి లెక్కే. జూన్‌లో పూత, పూత నుంచి కోతకు దాదాపు వంద రోజులు. ఆ వంద రోజుల్లో వడగళ్లు పడినా తెగులు పాకినా ఆగస్టు అంకె నిలవదు.  

మధ్యాహ్నం బోన్‌కు తిరిగివచ్చి, రంగురంగుల పెంకులు పరచిన కప్పుతో 1443లో వెలసిన పాత ధర్మాసుపత్రిని చూశాం. దానికి దానంగా వచ్చిన తోటల వైన్‌ను 1859 నుంచి వేలం వేస్తున్నారు. ఇప్పుడు నవంబరు మూడవ ఆదివారం జరిగే ఆ పాట కోసం, బోన్, పొమార్ ఉన్న ఈ బర్గండీ సీమ వ్యాపారులందరూ కాచుకుని ఉంటారు. 2021 ఏప్రిల్‌లో మంచు చిగుళ్లను కాల్చేసి, అమ్మకానికి వచ్చిన పీపాలు దాదాపు సగానికి పడిపోయినప్పుడు, 228 లీటర్ల పీపా సగటు ధర అంతకు ముందెన్నడూ లేనంతగా పెరిగింది. మరుసటి ఏడాది కాపు విరగకాసి 800కు పైగా పీపాలు వచ్చినా ధర దిగలేదు. మొత్తం అమ్మకం 2.89 కోట్ల యూరోలు దాటింది. కొరత పెంచిన ధరను సమృద్ధి దించకపోవడం నేను మిరపలో ఎన్నడూ చూడలేదు.

కానీ అదే దేశంలో బోర్డో మామూలు ఎర్ర వైన్ కథ వేరు. 2023లో ప్రపంచ దిగుబడి 23.7 కోట్ల హెక్టోలీటర్లకు, 1961 తరువాత అత్యల్ప స్థాయికి పడిపోయింది. మన లెక్కన ధర ఎగబాకాలి. అయితే తాగేవారు కూడా తగ్గడంతో సరుకు నేలమాళిగల్లో పేరుకుపోయింది. మిగిలిన వైన్‌ను కాచి ఆల్కహాలుగా మార్చడానికి ఫ్రెంచి ప్రభుత్వం ఆ ఏడాదే 20 కోట్ల యూరోలు కేటాయించింది, బోర్డోలో తోటలు పీకేసే రైతులకు డబ్బు ఇచ్చింది. అంచనా చెట్టు మీది కాయను చెబుతుంది, ధర గిడ్డంగిలోని సరుకును కూడా చూస్తుంది. గుంటూరు యార్డులోనూ అంతే. కోల్డు స్టోరేజీల్లో ఎన్ని టిక్కీలు, అంటే మిరప బస్తాలు, ఉన్నాయో తేలకుండా ఏ కమీషన్ ఏజెంటూ రేటు గురించి నోరు విప్పడు. "ఇక్కడి వాళ్లకు పాత సరుకు అంతగా పేరుకోలేదు మామయ్యా, అందుకే ధర నిలుస్తోంది," అన్నాడు మావాడు. ధర నిలిచినంత మాత్రాన మూడు గుత్తుల రైతుకు ఒరిగేదేమిటని నేను అడిగితే, సమాధానం చెప్పకుండా నన్ను మళ్లీ పొమార్ తీసుకువెళ్లాడు.

చీకటి పడే వేళకు రైతు తన నేలమాళిగలోకి దింపాడు. అక్కడ పచ్చి ఓకు చెక్క వాసన. కోతకు చాలా ముందే, మంచి కాపు వస్తుందనుకుని ఆయన కొత్త పీపాలు చేయించుకున్నాడు. వాటిలో ఆరు గోడ వెంట ఖాళీగా ఉన్నాయి. ఖాళీగా ఉంచితే లోపల బూజు పడుతుందని, అందుకే లోపల గంధకం కాల్చి బిరడా బిగించానని, వచ్చే కాపు దాకా అవి అలాగే ఉంటాయని చెప్పాడు. చివరి పీపాను అరచేత్తో తట్టి, దీపం ఆర్పి, మమ్మల్ని మెట్ల వైపు నడిపించాడు.