చేపల కోసమట

పిట్స్‌బర్గ్ వచ్చిన అమ్మానాన్నలకు బాలాజీ దర్శనం అయ్యాక నయాగరా చూపించాలి, అది రివాజు. హోటళ్ళ రేట్లు చూసి నేను జాన్స్‌టౌన్ అన్నాను. రూట్ 22 పొడుగునా నాన్న నిద్రే.

ముందు సెయింట్ మైకేల్ దగ్గర ఆగాం. డ్యామ్ అంటే ఇప్పుడేముంది, అటూ ఇటూ గట్టు మొదళ్ళు, మధ్యలో పెద్ద ఖాళీ, కింద మన పంటకాలువలాంటి ఏరు. "ఇదా ఊరిని ముంచింది?" అంది అమ్మ. ఇదే. 1889 మే 31 మధ్యాహ్నం మట్టికట్ట తెగి, 14 మైళ్ళ దిగువనున్న జాన్స్‌టౌన్‌ను గంటలోపే ఊడ్చేసింది. 2,209 మంది పోయారు. చెరువు పిట్స్‌బర్గ్ కోటీశ్వరుల క్లబ్బుది; కార్నెగీ, ఫ్రిక్ అందులో సభ్యులు. తెచ్చి వదిలిన చేపలు జారిపోకుండా అలుగుకు ఇనప జాలీలు బిగించారు. ఆ రోజు వానకు వాటికి చెత్త అడ్డుపడింది.

నాన్నకు నిద్ర వదిలింది. "అలుగు మూసినవాణ్ణి మా ఊళ్ళో అయితే ఆ గట్టుకే కట్టేసేవాళ్ళు!"

దీని మీద రాసిన కవితలు రెండు ఫోన్‌లో పెట్టుకున్నాను. వాల్ట్ విట్మన్ది వారానికే న్యూయార్క్ పత్రికలో వచ్చింది. మహాకవే, కానీ ఎక్కడో ఆకాశంలోంచి చూసినట్టుంటుంది. నన్ను వదలనిది ఐజాక్ రీడ్ వెటకారం. కాలినవాళ్ళను, మునిగినవాళ్ళను, దొరకని పిల్లలను వరసపెట్టి చెప్పి, ఇదంతా దేనికి కట్టిన వెల అంటే, చేపలకు అని ఆపేస్తాడు. ఊళ్ళో మ్యూజియం ఉన్నది తర్వాత కార్నెగీ డబ్బుతో కట్టిన లైబ్రరీలో. అక్కడ టికెట్ కొంటుంటే ఒళ్ళు మండింది.

చివరికి కొండ మీది గ్రాండ్‌వ్యూ శ్మశానం. గుర్తు తెలియనివాళ్ళ కోసం 777 తెల్లరాళ్ళు, వరసల్లో, బడిలో నిలబడ్డ పిల్లల్లా. ఒక్కదాని మీదా పేరు లేదు. అమ్మది దివిసీమ, 1977 ఉప్పెనప్పుడు పదేళ్ళ పిల్ల. ఒక రాయి మీద చెయ్యి ఆనించి, "మా వాళ్ళకి ఈ రాళ్ళు కూడా లేవురా," అంది.

రీడ్ కవిత తెలుగులో చెప్పాను.

"చేపలకా? ఏం చేప?"

"బాస్ అని."

"కొర్రమీనులాంటిదా? తినడానికేనా?"

"తినడానికని కాదమ్మా. వేసవిలో వచ్చి సరదాగా గాలాలు వేసుకోడానికి."

అమ్మ మళ్ళీ ఏమీ అడగలేదు. కారులో నాన్న పులిహోర పొట్లం విప్పబోతే, "ఇక్కడొద్దు, కొండ దిగాక," అంది.