పడమటి గుమ్మంలో నాన్న పేరు

సెప్టెంబరు 22నో 23నో జపాన్‌లో ఒక సెలవు వస్తుంది. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజది, షూబున్ నో హి అంటారు. పూర్వీకులను గౌరవించడానికి, పోయినవాళ్లను తలుచుకోవడానికి ఈ సెలవు అని 1948 నాటి చట్టంలోనే రాసి ఉంది. దానికి అటు మూడు రోజులు, ఇటు మూడు రోజులు కలిపి వారమంతా హిగాన్. సమాధులు కడిగి పూలు పెడతారు. ఇంచుమించు మన మహాలయ పక్షాల సమయమే. నాన్న పోయాక వచ్చిన మొదటి మహాలయానికి ఇంటికి వెళ్లడం కుదరలేదు. అందుకే ఒసాకాలోని షితెన్నోజికి వెళ్లాను. షోతోకు యువరాజు 593లో స్థాపించిన బౌద్ధాలయం అది.

ఎంత జనమో! పలుచటి చెక్క మీద పోయినవాళ్ల పేరు రాయించుకోవడానికి పెద్ద వరస. రాసే ఆయన నాన్న పేరు రెండుసార్లు చెప్పించుకుని, జాగ్రత్తగా జపాన్ అక్షరాల్లో రాశారు. ఆ చెక్కను కామెయిదో మందిరానికి తీసుకెళ్లాను. అక్కడ రాతి తాబేలు తొట్టిలో నీళ్లు పారుతుంటాయి. అందులో వదిలాను. నువ్వుల్లేవు, దర్భల్లేవు. నీళ్లున్నాయి, పేరుంది. అంతసేపూ ఆపుకున్న ఏడుపు అక్కడ ఆగలేదు. పక్కనున్న పెద్దావిడ ఏమీ అడక్కుండా కాస్త జరిగి చోటిచ్చింది.

సాయంత్రం అందరం గుడి పడమటి గుమ్మానికి చేరాం. ఎదురుగా 1294లో కట్టిన రాతి తోరణం. విషువత్తు నాడు సూర్యుడు సరిగ్గా పడమరనే దిగుతాడు కాబట్టి ఆ తోరణంలోంచి కనిపిస్తాడు. అమితాభ బుద్ధుడి స్వర్గం అటే ఉందని వాళ్ల నమ్మకం. పూర్వం సముద్రం ఈ గుడికి దగ్గరగా ఉండేది, సూర్యుడు నీళ్లలోకి దిగడం ఇక్కణ్ణుంచే చూసేవారు. ఇప్పుడు బిల్డింగులు అడ్డం. అయినా భిక్షువులు మంత్రాలు చదువుతుంటే ఎవరూ కదల్లేదు. మన పితృదేవతలది దక్షిణ దిక్కు కదా, నేను ఇటు తిరిగి దణ్ణం పెట్టొచ్చా అని కాసేపు మథనపడ్డాను. తర్వాత అందరితోపాటు చేతులు జోడించాను.

బయట ఒహాగి కొనుక్కున్నాను. మన పూర్ణం బూరెను తిరగేసినట్టుంటుంది: లోపల జిగురు బియ్యం, బయట ఎర్ర చిక్కుళ్ల తీపి ముద్ద. తింటూ అమ్మకు ఫోన్ చేశాను.

"ఏ వైపు తిరిగి దణ్ణం పెట్టావురా?"

"పడమరకమ్మా. ఇక్కడ అందరూ అటే."

"సూర్యుడికేగా, మంచిదే. వాళ్లకి మళ్లీ ఎప్పుడొస్తుంది ఈ రోజు?"

మార్చిలో, 20నో 21నో అన్నాను. టికెట్ తియ్యమంది.