బంకులో ఐదు లీటర్లు కొలిపించిన రోజు

2022 మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 వరకు, పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు పెట్రోలు ధర పెరిగింది. అంతకు ముందు 137 రోజుల పాటు, అయిదు రాష్ట్రాల ఎన్నికల తంతు ముగిసేదాకా, ఉక్రెయిన్ యుద్ధంతో ముడిచమురు ఎంత మండినా బంకు బోర్డు మీది అంకె కదలలేదు. కదలడం మొదలుపెట్టాక మాత్రం పొద్దున్నే పాలప్యాకెట్టుతో పాటు కొత్త ధర కూడా ఇంటికి వస్తున్నట్టే ఉండేది. ఢిల్లీలో 80 పైసలు పెరిగిన రోజున హైదరాబాదులో 90 పైసలు పెరిగేది. తెలంగాణలో పెట్రోలుపై వ్యాట్ 35.2 శాతం కావడం వల్ల, అసలు ధర పెరిగినప్పుడల్లా దానితో పాటు పన్నూ పెరుగుతుంది. అలా 108 రూపాయల 20 పైసలున్న లీటరు 119 రూపాయల 49 పైసలకు చేరింది.

నేను రోజూ ఉప్పల్ నుంచి లక్డీకాపూల్ దాకా స్కూటరు మీద వెళ్లి వస్తాను. రానుపోను ముప్పై కిలోమీటర్లు. నాలుగు రోజులకొకసారి మూడు వందల రూపాయల పెట్రోలు పోయించుకోవడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం, నాలుగు రోజుల లెక్క ఇంకా పూర్తి కాకముందే, రామంతాపూర్ దగ్గర బండి రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. అర కిలోమీటరు తోసుకుంటూ వెళ్తున్నంత సేపూ నా మనసులో మెదిలింది ముడిచమురూ కాదు, వ్యాట్ కూడా కాదు, నేను ఎప్పుడూ పెట్రోలు పోయించుకునే బంకులోని కుర్రవాడి ముఖమే.

ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు రెండు తెలుగు రాష్ట్రాల్లోని కొన్ని బంకుల్లో, పంపు లోపల చిప్పులు అమర్చి తక్కువ పోస్తున్న ముఠాను పట్టుకున్నారు. అప్పటి నుంచి మా కార్యాలయంలో ప్రతివారికీ ఒక చిట్కా ఉంది. ఒకరు వంద బదులు నూట పది రూపాయలకు పోయించుకుంటారు, మరొకరు చల్లగా ఉంటే చిక్కగా వస్తుందని తెల్లవారుజామునే వెళ్తారు. ట్యాంకు భూమిలో ఉన్నప్పుడు పైన ఎండ ఎంత కాసినా లోపల ఉష్ణోగ్రత పెద్దగా మారదని చెప్పినా వినరు. ధర మన చేతిలో లేనప్పుడు ఇలాంటి చిట్కా ఒకటైనా చేతిలో ఉండాలనిపిస్తుంది కాబోలు.

నాకు మాత్రం చిట్కా కాదు, కొలత కావాలనిపించింది. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి. వినియోగదారుడు అడిగితే దానితో కొలిచి చూపించాలి. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను అనుమతిస్తారు. ఈ సంగతులన్నీ మనసులో వల్లె వేసుకుంటూ మర్నాడు ఉదయం బంకుకు వెళ్లి అడిగాను. కుర్రవాడు "మేనేజర్ సార్‌ని అడగండి" అన్నాడు. మేనేజరు నన్ను ఎగాదిగా చూసి, "పొద్దుగాల ఆరింటికే కొలిచినం సార్, రిజిస్టర్ల రాసినం. రేటు మేం పెంచుతున్నమా?" అన్నాడు. రేటు గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు. రోజూ వంద మంది ఆ మాటే అంటుంటే అతను సమాధానం ముందుగానే సిద్ధం చేసుకున్నాడని తరువాత అర్థమైంది. కొలపాత్ర గదిలో ఉందని, గది తాళం యజమాని దగ్గర ఉందని చెప్పాడు. ఫిర్యాదుల పుస్తకం అడిగితే అదీ ఆ గదిలోనే ఉందట.

గొడవ పడితే కార్యాలయానికి ఆలస్యమవుతుంది. కాబట్టి బోర్డు మీదున్న చమురు సంస్థ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోను చేసి, తేదీ, సమయం, పంపు సంఖ్య, నేను కొన్న పెట్రోలు బిల్లు వివరాలు చెప్పి ఫిర్యాదు సంఖ్య తీసుకున్నాను. బిల్లు లేకపోతే ఫిర్యాదు అక్కడే ఆగిపోయేదేమో. ఆ మధ్య నుంచి ప్రతిసారీ బిల్లు అడిగి పర్సులో దాచుకోవడమే నేను చేసిన ఒకే ఒక తెలివైన పని. మూడో రోజున సంస్థ సేల్స్ ఆఫీసరు ఫోను చేసి, శనివారం ఉదయం తన ఎదుటే కొలిపిస్తానని, నన్ను కూడా రమ్మని చెప్పారు.

శనివారం నాటికి యజమాని, తాళం, కొలపాత్ర, ఫిర్యాదుల పుస్తకం అన్నీ అక్కడే ఉన్నాయి. కొలపాత్ర పొట్ట వెడల్పుగా, మెడ సన్నగా ఉంటుంది. మెడ మీద మధ్యలో సున్నా గీత, దానికి పైనా కిందా మిల్లీలీటర్ల గీతలు ఉంటాయి. మెడ అంత సన్నగా ఎందుకు ఉందో చూస్తేనే తెలుస్తుంది: కొద్ది చుక్కల తేడా వచ్చినా మట్టం స్పష్టంగా పైకో కిందికో జరుగుతుంది. ముందుగా ఆఫీసరు పాత్ర మీది ముద్రను, ఆ ఏడాది ధ్రువపత్రాన్ని నాకు చూపించారు. తరువాత పాత్రను ఒకసారి నింపి, వంచి, అంచున చుక్కలు జారడం ఆగేదాకా పట్టుకున్నారు. పొడిపాత్రలో కొలిస్తే గోడలకు అంటుకున్న పెట్రోలు కూడా బంకు తక్కువ పోసినట్టే లెక్కలోకి వస్తుందని వివరించారు. అప్పుడు సమతలంగా ఉన్న చోట పెట్టి, మీటరులో సున్నా చూపించి, సరిగ్గా అయిదు లీటర్లు పోశారు. నురగ తగ్గేదాకా ఆగి నన్ను వంగి చూడమన్నారు.

ఈలోపు చుట్టూ పది పన్నెండు మంది చేరారు. ఒక క్యాబ్ డ్రైవరు "అన్నా, డీజిల్ కూడా పట్టియ్యి" అని కేక వేశాడు. వెనక వరుసలో ఎవరో "ఎంత కొడుతున్నరో ఇయ్యాల తేలుతది" అన్నారు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో మట్టం బాగా కిందికి ఉండాలని నేను కూడా కోరుకున్నాను.

మట్టం సున్నా గీతకు 15 మిల్లీలీటర్లు కింద ఉంది. రెండో పంపులో పదే. రెండూ అనుమతించిన హద్దులోపలే. తేడా ఎప్పుడూ కిందికే ఎందుకుంటుంది, ఒక్కసారైనా పైకి ఎందుకుండదు అని అడిగాను. ఆఫీసరు నవ్వి ఊరుకున్నారు, యజమాని నవ్వలేదు. కొలిచిన పెట్రోలును మళ్లీ భూగర్భ ట్యాంకులో పోసి, రిజిస్టరులో రాసి, నాతో సంతకం పెట్టించారు. గుంపు నిరాశగా విడిపోయింది.

ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేశాను. అయిదు లీటర్లకు 15 మిల్లీలీటర్లంటే అప్పటి ధరలో రూపాయి 79 పైసలు, అంటే లీటరుకు 36 పైసలు. అదే లీటరులో అప్పట్లో కేంద్రం వేసిన ఎక్సైజ్ సుంకం 27 రూపాయల 90 పైసలు, రాష్ట్ర వ్యాట్ సుమారు 30 రూపాయలు. నేను శనివారం ఉదయం రెండు గంటలు వంగి చూసింది ఆ 36 పైసల కోసం. దాదాపు సగం ధరను మింగుతున్న ఆ రెండు పద్దుల ముందు పెట్టడానికి ఏ కొలపాత్రా లేదు.

మరి బండి ఎందుకు ఆగింది? మూడు వందల రూపాయలకు మార్చిలో 2.77 లీటర్లు వచ్చేది, ఏప్రిల్‌లో 2.51 లీటర్లే వచ్చింది. లీటరుకు 45 కిలోమీటర్ల చొప్పున దాదాపు పన్నెండు కిలోమీటర్లు తక్కువ. అంటే, ఉప్పల్ చేరకుండా రామంతాపూర్‌లో ఆగడానికి సరిపోయినంత కంటే కాస్త ఎక్కువే. ఇరవై ఏళ్లుగా జమాఖర్చులు చూసే నాకు ఈ కూడికలు తీసివేతలు ముందే తట్టకపోవడం కొంచెం సిగ్గుగానే అనిపించింది. ఆ తరువాత నుంచి రూపాయల్లో కాకుండా ట్యాంకు నిండా పోయించుకుని, మళ్లీ నిండా పోయించేటప్పుడు తిరిగిన దూరాన్ని లీటర్లతో భాగించడం మొదలుపెట్టాను. 43 కిలోమీటర్లు వస్తోంది. మిగతా రెండు కిలోమీటర్లు వెనక టైరులో గాలి తగ్గడం వల్ల పోతున్నాయని మెకానిక్ తేల్చాడు.

మే 22న కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని లీటరుకు 8 రూపాయలు తగ్గించడంతో హైదరాబాదులో ధర 109 రూపాయల 66 పైసలకు దిగింది. ఆ వారంలో మళ్లీ అదే బంకుకు వెళ్లాను. నన్ను చూడగానే కుర్రవాడు అవసరం కంటే గట్టిగా "సార్, జీరో చూసుకోండి" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్లందరూ మీటరు వైపు చూశారు. ట్యాంకు నిండాక నాజిల్‌ను తీయకుండా అలాగే కాసేపు పట్టుకుని, రెండు సార్లు తట్టి, చివరి చుక్క కూడా పడిందని నాకు చూపించి మరీ మూత పెట్టాడు.