వాక, లోవ, కొండ

విశాఖలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. మధురవాడలో ఆఫీసు. హనుమంతవాక దాటాక హైవేకి ఒకవైపు జూ పార్కు, రెండోవైపు కంబాలకొండ అభయారణ్యం. ఆ బోర్డు చూడని రోజు లేదు, లోపలికి వెళ్ళిన రోజూ లేదు. పోయిన కార్తీకంలో మా పెదనాన్న పాలకొండ దగ్గరి మా ఊరి నుంచి కళ్ళ చెకప్‌కి వచ్చాడు. ఆదివారం పొద్దున్న బాల్కనీలో అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేక, పద పెదనాన్నా అని బండి తీశాను.

వనభోజనాల జనం దిగకముందే చేరుకోవాలని తెల్లారగానే బయల్దేరాం. అయినా గేటు దగ్గర ఆగాల్సొచ్చింది.

"అడివి చూడ్డానికి కూడా టిక్కెట్టేటిరా?" అన్నాడు పెదనాన్న. చిన్నప్పుడు కట్టెల కోసం రోజూ కొండెక్కిన మనిషి. నేను డబ్బులిచ్చేదాకా పక్కకి తిరిగి నిలబడ్డాడు.

ఈ కొండలు ఒకప్పుడు విజయనగరం రాజులవి. 1970లో అటవీ శాఖ చేతికొచ్చాయి. అభయారణ్యం మొత్తం 70 చదరపు కిలోమీటర్ల పైనే. మా వెంట వచ్చిన గైడ్ కుర్రాడు చుట్టుపక్కల ఊరివాడే. చిరుతలున్నాయి, కనబడతాయని మాత్రం చెప్పనండి అన్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. దుప్పులూ, కణుతులూ, కొండగొర్రెలూ ఉన్నాయట. మాకు కనబడింది ఒక ముంగిస, అదీ తోక మాత్రమే.

చెరువు పక్కనుంచి కాలిబాట పట్టాం. రెండు మలుపులు తిరిగేసరికి లారీల మోత సన్నగిల్లింది. నేను ముందు నడుస్తూ ఫోన్లో సిగ్నల్ ఉందా లేదా అని చూసుకుంటున్నాను. వెనకనుంచి చొక్కా కాలర్ పట్టి ఎవరో లాగారు. పెదనాన్న.

"ముందు సూడు!"

మూతికి జానెడు దూరంలో సాలెగూడు. బాటకి ఆ చెట్టునుంచి ఈ చెట్టుకి కట్టి ఉంది. మధ్యలో తలకిందులుగా నల్లటి సాలీడు, ఒంటిమీద పసుపు చారలు, కాళ్ళు చాపితే నా అరచెయ్యంత. ఎండ ఏటవాలుగా పడితే దారాలు బంగారు జరీలా మెరిశాయి. ఇది జెయింట్ వుడ్ స్పైడర్, ఆడదండీ అని చెప్పి, మగదాన్ని చూపించాడు గైడ్. ఆ గూట్లోనే ఓ మూల, ఎర్రగా, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. దాన్ని చూడ్డానికి నేను కళ్ళజోడు తుడుచుకోవాల్సొచ్చింది. నిరుడు రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకున్న పెదనాన్నకి ఏ తంటా లేదు. "పాపం, అద్దెకున్నట్టున్నాడు" అన్నాడు. బాట దిగి చుట్టు తిరిగి వెళ్ళాం.

కాస్త పైకెళ్ళాక తీగొకటి చెట్టుని నలిపేసేలా చుట్టుకుని ఉంది. ఆకు గిట్టలా రెండుగా చీలి ఉంది. పెదనాన్న మొహం వెలిగిపోయింది. అడ్డాకు! మా వైపు పెళ్ళిళ్ళకి ఈ ఆకులు కుట్టిన విస్తళ్ళే వేసేవారు, ఏజెన్సీ నుంచి కట్టలకి కట్టలు దిగేవి. చెయ్యి చాచబోతుంటే గైడ్ కంగారుపడ్డాడు.

"కొయ్యకూడదు తాతగారూ, అభయారణ్యం."

"కోసేదేటి బాబూ, రాలిందే."

కింద పడిన పచ్చాకు తీసి, పంచెకి తుడిచి, రెండు మడతలు పెట్టి ఎండుపుల్లతో కుట్టాడు. దొప్ప. నా సీసాలో నీళ్ళు అందులో పోయించుకుని తాగాడు. ఒక్క చుక్క కారలేదు. తాగాక దాన్ని ఆ తీగ మొదట్లోనే వదిలేశాడు.

దిగేటప్పుడు వేళ్ళతో సహా పడిపోయిన చెట్టు దగ్గర కూర్చున్నాం. హుద్‌హుద్‌కి పడ్డదేనేమో. 2014 అక్టోబరు 12న ఆ తుపాను వైజాగ్ మీదే తీరం దాటింది. మర్నాడు ఈ కొండలు నిప్పంటుకున్నట్టు గోధుమరంగులో కనబడడం నాకింకా గుర్తే. ఆకన్నది లేదు. ఇప్పుడు పడిన మాను మీదనుంచే నాలుగు కొమ్మలు నిటారుగా లేచి ఉన్నాయి.

ఉన్నట్టుండి, "మీ బస్టాపులన్నీ ఇక్కడివేరా" అన్నాడు పెదనాన్న. ముందు అర్థం కాలేదు. వాక అంటే ఏరు, లోవ అంటే కొండల నడుమ పల్లం. హనుమంతవాక, ఆరిలోవ, ముడసర్లోవ. హనుమంతవాక అంటే నాకు ఎర్రలైటూ, ఆఫీసు లేటవుతుందన్న టెన్షనూ. అక్కడొక ఏరు పారి ఉంటుందని ఒక్కనాడూ తట్టలేదు. చూస్తే ముడసర్లోవ రిజర్వాయరుకి నీళ్ళు ఈ కొండల నుంచే దిగుతాయి.

బయటికొచ్చేసరికి గేటు ముందు కార్ల వరస. డిక్కీల్లోంచి క్యారేజీలు, షటిల్ బ్యాట్లు, థర్మాకోల్ ప్లేట్ల కట్టలు దిగుతున్నాయి. పెదనాన్న ఆ కట్టల వంక ఓసారి చూసి, ఏమీ అనకుండా బండెక్కాడు.

ఇంటికెళ్ళాక పెద్దమ్మకి ఫోన్ చేశాడు. డాక్టరు ఏమన్నాడో రెండు ముక్కల్లో తేల్చేసి అసలు సంగతిలోకి వచ్చాడు.

"సాలీడే... చాటంతుంది! నేను లాక్కపోతే వీడు అందులో పడిపోదుడు. ఆఁ, టిక్కెట్టే. ఉంది, జేబులోనే ఉంది. తెస్తాను, సూద్దువుగాని."