మా వీధి రాణి తిరిగొచ్చింది

బెంగళూరు మారతహళ్లిలో మా వీధి కుక్క రాణిని పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కని బండిలో తీసుకెళ్లి, ఎక్కడో పక్క లేఅవుట్‌లో వదిలేశారు. వీధి కుక్కల సంతాన నియంత్రణకి కేంద్రం పెట్టిన 2023 ఏబీసీ రూల్స్ ప్రకారం ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. కొత్త చోట మిగతా కుక్కలు ఊరుకుంటాయా? మూడు రోజులు వెతికితే దొరికింది. చెవి కొసన ఆపరేషన్ అయిందన్న గుర్తుగా చిన్న కత్తిరింపు, మెడ మీద పళ్ల గాట్లు. నన్ను చూడగానే కాళ్ల దగ్గర కూలబడింది. నాకు ఏడుపాగలేదు.

నిన్న వార్డు మీటింగ్‌లో అదే చెప్పాను. పట్టేటప్పుడే ఫొటో తీసి, వీధి పేరు రాసుకోండి, రోజూ అన్నం పెట్టేవాళ్ల నంబరు తీసుకోండి అని. వెనకాల కూర్చున్న నెల్లూరు పెద్దాయన లేచి, "మా మనవణ్ణి మొన్న కుక్క కరిచింది సార్. దేనికి రేబిస్ టీకా వేశారో మాకెలా తెలుస్తుంది?" అన్నారు. ఆయన భయంలో న్యాయం ఉంది. వీధివారీగా టీకాల లిస్టు గోడకి అంటించమని ఇద్దరం కలిసే అర్జీ పెట్టాం. కన్నడలో రాసిచ్చింది మా ఓనరమ్మ.