చల్లనీటి కంట్రోల్ వాల్వు సైజును ఎలా నిర్ణయించాలి?

అనంతపురంలో ఎండ 40 డిగ్రీలు దాటే నెలల్లో, చిల్లర్లతో (ఏసీ కోసం నీటిని చల్లబరిచే యంత్రాలతో) నడిచే ఆసుపత్రులు, హోటళ్ల నుంచి ఒకే రకమైన ఫిర్యాదు వస్తుంటుంది. చిల్లర్లన్నీ నడుస్తున్నా పంపు దగ్గరి గదులు వణికిస్తుంటాయి, పై అంతస్తు మాత్రం చల్లబడదు. అప్పుడు అందరూ చిల్లర్‌నే తప్పుపడతారు, కొత్తది కొనాలన్న చర్చ కూడా మొదలవుతుంది. నేను చూసినంతవరకు లోపం చాలాసార్లు ఏహెచ్‌యూ (చల్లని నీటితో గాలిని చల్లబరిచి గదులకు పంపే యూనిట్) పక్కనుండి, దానిలోకి వెళ్లే నీటిని అదుపు చేసే కంట్రోల్ వాల్వును ఎంచుకున్న తీరులోనే ఉంటుంది.

పైపు రెండించులైతే వాల్వు కూడా రెండించులే బిగించడం మన దగ్గర అలవాటుగా మారింది. 10 టన్నుల చల్లబరిచే సామర్థ్యమున్న ఏహెచ్‌యూకు 7 డిగ్రీల నీరు వెళ్లి 12 డిగ్రీలతో తిరిగి రావాలంటే గంటకు సుమారు 6 ఘనమీటర్ల నీరు కావాలి. పూర్తిగా తెరిచిన వాల్వు రెండు వైపుల మధ్య 1 బార్ పీడన భేదం ఉన్నప్పుడు గంటకు ఎన్ని ఘనమీటర్ల నీరు పోతుందో ఆ సంఖ్యను కేవీ అంటారు. రెండించుల వాల్వు కేవీ 40 అనుకుంటే, ఆ 6 ఘనమీటర్లకు దానిలో పడే పీడనం 0.02 బార్ మాత్రమే. కాయిల్ (ఏహెచ్‌యూలో చల్లని నీరు పారే గొట్టాల చుట్ట), దాని పైపులు కలిసి 0.35 బార్ తీసుకుంటున్నప్పుడు ప్రవాహం మీద వాల్వుకు పట్టు ఎక్కడిది? మొత్తం పీడనంలో వాల్వు వాటాను అథారిటీ అంటారు. ఇక్కడ అది 0.06 మాత్రమే. కేవీ 10 ఉన్న అంగుళం వాల్వు పెడితే అదే అథారిటీ 0.5కు చేరుతుంది. పంపు ఆ అదనపు పీడనాన్ని ఇవ్వగలదో లేదో ముందే లెక్క చూసుకోవాలి.

అథారిటీ తక్కువైన వాల్వు కొద్దిగా తెరుచుకోగానే దాదాపు పూర్తి ప్రవాహాన్ని వదిలేస్తుంది. థర్మోస్టాట్ మూయమంటుంది, మరుక్షణం తెరవమంటుంది, యాక్చువేటర్ (వాల్వును తెరిచి మూసే మోటారు) రోజంతా ఇటూ అటూ తిరుగుతూ అరిగిపోతుంది. అవసరానికి మించి పారిన నీరు 12కు బదులు 9 డిగ్రీలతోనే వెనక్కి వస్తే, చిల్లర్ తన సామర్థ్యం మేరకు పనిచేయక ముందే నీటి కోసం రెండో పంపును, రెండో చిల్లర్‌ను నడపాల్సి వస్తుంది. కరెంటు బిల్లు పెరగడానికి ఇది పెద్ద కారణమైనా, దీన్ని పట్టించుకునేవారు తక్కువ.

కాయిల్ స్వభావాన్ని కూడా గమనించాలి. సగం నీటితోనే అది ముప్పావు వంతుకు పైగా చల్లదనం ఇవ్వగలదు. అందుకే మొదట్లో నెమ్మదిగా, చివర్లో వేగంగా ప్రవాహం పెంచే ఈక్వల్ పర్సెంటేజ్ వాల్వు దానికి సరిపోతుంది. అంతస్తులు ఎక్కువై పీడనం తరచూ మారే భవనాలకైతే, పీడన మార్పును తనే సర్దుకునే పీఐసీవీ (ప్రెషర్ ఇండిపెండెంట్ కంట్రోల్ వాల్వు) ఖరీదైనా మేలని నా అభిప్రాయం.

మన బోరు నీటి కాఠిన్యం కూడా చిన్న విషయమేమీ కాదు. లీకుల వల్ల తరచూ కొత్త నీరు నింపే లైన్లలో సున్నం పేరుకుని వాల్వు ప్లగ్ (ప్రవాహాన్ని మూసే లోపలి భాగం) పట్టేస్తుంది. కాబట్టి నింపే నీటిని సాఫ్ట్‌నర్ గుండా పంపాలి, వాల్వుకు ముందున్న స్ట్రెయినర్‌ను (చెత్తను ఆపే జల్లెడను) వేసవి మొదలవకముందే విప్పి శుభ్రం చేయించాలి.